తలకోనలో ఒకరోజు అడవి యాత్ర: జలపాతం సరే, నడకకు సమయమేదీ?

తిరుపతికి వచ్చిన బంధువులకు కొండమీద దర్శనం ముగిశాక ఒక రోజు ఖాళీగా మిగిలితే ఎక్కడికి తీసుకువెళ్ళాలన్న ప్రశ్న ఈ ఊళ్ళో కాపురం ఉండేవారందరికీ ఎదురయ్యేదే. కాణిపాకం, శ్రీకాళహస్తి ఎలాగూ ఉన్నాయి. వాటిని చూసేసినవారికీ, పిల్లలు ఇంకో గుడి వద్దని మొరాయించిన ఇళ్ళకూ శేషాచలం అడవిలో ఒక రోజు గడిపిస్తామంటూ వాహనం, భోజనం, దారి చూపే మనిషి అన్నీ కలిపి ఒకే ధరకు అమ్మే చిన్న చిన్న బృందాలు కొన్నేళ్ళుగా ఇక్కడ పనిచేస్తున్నాయి. హైదరాబాదు నుంచి వచ్చిన మా అన్న కుటుంబంతోనూ, అమ్మతోనూ కలిసి అలాంటి ఒక బృందం వెంట తలకోనకు వెళ్ళివచ్చాను. బృందం పేరు ఇక్కడ రాయడం లేదు. యాత్రకు ముందు నేను విచారించిన వారందరి కార్యక్రమమూ ఇంచుమించు ఒకే మూసలో ఉంది కాబట్టి, ఒకరి పేరు పెట్టి మెచ్చుకోవడం కంటే, నొచ్చుకోవడం కంటే, ఆ మూసలో ఏది బాగుందో ఏది మారాలో చెప్పడమే చదివేవారికి ఎక్కువ పనికొస్తుందని నా ఉద్దేశం.

పెద్దలకు మనిషికి 1,600 రూపాయలు, పదేళ్ళలోపు పిల్లలకు అందులో సగం తీసుకున్నారు. ఈ సొమ్ములోనే టెంపో ట్రావెలర్ ప్రయాణం, ఉదయం టిఫిను, ప్రవేశ రుసుములు, గైడు, మధ్యాహ్న భోజనం, సాయంత్రం టీ కలిసి ఉన్నాయి. ముందురోజు ఫోన్లో మాట్లాడిన యువకుడు మర్యాదగానూ, నిజాయితీగానూ మాట్లాడాడు. అమ్మకు మోకాళ్ళ నొప్పులున్నాయని చెప్పినప్పుడు, టికెట్టు పోతుందేమోనని ఏదో ఒకటి చెప్పి ఒప్పించకుండా, జలపాతం వైపు మెట్లూ రాళ్ళూ ఉంటాయని, పెద్దావిడ సిద్ధేశ్వరస్వామి గుడి దగ్గరే నీడన కూర్చోవడం మేలని, ఆమెకు తోడుగా తమ మనిషి ఒకరిని అక్కడ ఉంచుతామని చెప్పాడు. చెప్పినట్టే ఉంచారు కూడా. అయితే అదే ఫోనులో చెప్పవలసిన మరికొన్ని సంగతులు, అంటే ఎలాంటి చెప్పులు వేసుకోవాలి, ఎలాంటి బట్టలు తెచ్చుకోవాలి, అడవిలో సిగ్నల్ అందదు కాబట్టి ఇంట్లోవాళ్ళకు ఏం చెప్పి రావాలి అన్నవి ఎవరూ చెప్పలేదు. మాతోపాటు వచ్చిన ఒక జంట రబ్బరు చెప్పులతో వచ్చి రోజంతా అవస్థపడింది.

బయలుదేరే సమయం ఉదయం 6 గంటలని రాసి ఇచ్చారు. లీలామహల్ కూడలి దగ్గర మమ్మల్ని ఎక్కించుకునేసరికి ఏడు దాటింది, ఊళ్ళో మిగిలినవారినందరినీ హోటళ్ళ ముందు ఆగి ఆగి ఎక్కించుకుని చంద్రగిరి దాటేసరికి మరో ముప్పావు గంట పోయింది. ఈ ఆలస్యాన్ని చిన్న విషయంగా కొట్టిపారేయడానికి లేదు. ఎండ ఎక్కకముందు పక్షులు, జంతువులు కదిలే రెండు గంటలే ఇలాంటి పొడి అడవికి ప్రాణం. ఆ రెండు గంటలనూ హోటళ్ళ వాకిళ్ళలో ఖర్చుచేసి, ఆ తర్వాత అడవిలో ఏమీ కనబడలేదని యాత్రికులు పెదవి విరిస్తే తప్పు అడవిది కాదు. రంగంపేట మీదుగా భాకరాపేట ఘాటు ఎక్కుతున్నప్పుడు డ్రైవరు మాత్రం ఎంత తొందర ఉన్నా మలుపుల్లో ఎవరినీ దాటించే ప్రయత్నం చేయలేదు. ఆ ఘాటు సంగతి తెలిసినవారు ఆ నిదానానికి విలువ కడతారు. లోపల పెట్టిన పాటల హోరు గురించి చెప్పుకోక తప్పదు. ఘాటులో మొదలైన ఆ హోరు నెరబైలు దాటి అడవి దారిలోకి వచ్చినా ఆగలేదు. వెనక సీటులోంచి మా వదిన రెండుసార్లు చెప్పాకే తగ్గించారు.

తలకోన ఇప్పుడు తిరుపతి జిల్లా ఎర్రావారిపాలెం మండలంలో ఉంది. 2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లా ఏర్పడేదాకా ఇది చిత్తూరు జిల్లా కిందికే వచ్చేది, మా తరంవాళ్ళ నోట ఇప్పటికీ అదే మాట వస్తుంది. చుట్టూ ఉన్నది 1989లో ఏర్పడిన శ్రీవేంకటేశ్వర జాతీయ ఉద్యానవనం, దాన్ని కూడా కలుపుకుని 2010లో ప్రకటించిన శేషాచలం జీవావరణ పరిరక్షణ ప్రాంతం. ఇంత వివరం ఎందుకంటే, ఇక్కడ ‘ట్రెక్కింగ్’ పేరుతో ఎవరికి తోచిన బాట వారు పట్టడానికి వీల్లేదు. వన్యప్రాణి సంరక్షణ చట్టం, రాష్ట్ర అటవీ చట్టం రెండూ వర్తించే నేల ఇది. పైగా ఎర్రచందనం దొంగల కోసం నిరంతరం నిఘా ఉండే అడవి, అనుమతి లేకుండా లోపల దొరికినవారిని ముందు యాత్రికులుగా ఎవరూ అనుకోరు. తెలియని బాటల్లో రహస్య జలపాతాలు చూపిస్తామని ఆశపెట్టే వ్యక్తులు కూడా తిరుపతిలో ఉన్నారు. మేము వెళ్ళిన బృందం ప్రవేశద్వారం దగ్గర టికెట్లు తీసుకుని, సందర్శకులను అనుమతించే బాటలకే మమ్మల్ని పరిమితం చేసింది. ఒక కుర్రాడు ‘ఆ పక్క లోయలోకి దిగుదామా అన్నా’ అని అడిగితే గైడు నవ్వుతూనే కుదరదన్నాడు. ఈ విషయంలో వారికి పూర్తి మార్కులు వేయాలి.

ఇక ఈ యాత్రలో అన్నిటికంటే బాగున్నది, అన్నిటికంటే తక్కువ సమయం దక్కినది అడవి నడక. రాతపూర్వకంగా రెండు గంటలు అన్నది చివరికి ముప్పావు గంటకు కుదించుకుపోయింది. ఆ ముప్పావు గంటలో మాకు దారి చూపిన గైడు చుట్టుపక్కల పల్లెకు చెందిన యానాది. వయసు యాభై దాటి ఉంటుంది, చేతిలో ఒక కర్ర, భుజాన తువ్వాలు. ముందు నడుస్తూ పిల్లలను వరస మధ్యలో ఉండమని, ఎవరూ వెనకబడవద్దని చెప్పాడు. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో చిరుత దాడికి ఒక చిన్నారి బలైన తర్వాత, పిల్లలను మధ్యాహ్నం దాటితే ఆ మెట్లదారిలోకి రానివ్వకుండా ఆంక్షలు పెట్టిన సంగతి ఈ ఊరివాళ్ళందరికీ తెలుసు. అతడు దాన్ని గుర్తుచేసి ఎవరినీ భయపెట్టలేదు, పిల్లల చేతులు పెద్దల చేతుల్లో ఉన్నాయో లేదో మాత్రం మలుపు మలుపునా తిరిగి చూసుకున్నాడు.

పచ్చని చెట్లు ఆకాశాన్ని కమ్మేసే అడవిని ఊహించుకుని వచ్చినవారికి ఈ నేల మొదట నిరాశ కలిగిస్తుంది. వాగు పక్కన తప్పిస్తే ఎక్కువ భాగం రాళ్ళు తేలిన వాలు, నడుమెత్తు కలివి పొదలు, బలుసు, రేగు, అక్కడక్కడ బోదగడ్డి, వాటిమధ్య ఎడంఎడంగా నిలబడిన చెట్లు. ఇలాంటి పొదల నేలను మన దేశపు బీడుభూముల పటాల్లో కూడా బీడు కిందనే లెక్కవేస్తారు. అది ఎంత పొరపాటు లెక్కో తెలియడానికి పక్కనున్న కడప జిల్లా ఒక్కటి చాలు. 1900 తర్వాత ఎవరికీ కనబడక, అంతరించిపోయిందనే అందరూ అనుకున్న కలివికోడి 1986లో తిరిగి దొరికింది లంకమల కొండల దగ్గరి ఇలాంటి పొదల్లోనే. ప్రపంచంలో మరెక్కడా లేని ఆ పక్షి కోసం తరువాతి కాలంలో తెలుగుగంగ కాలువ దారినే మార్చవలసి వచ్చింది. తలకోనలో కలివికోడి లేదు. అయినా ఆ కథ తెలిసిన మనిషి ఈ పొదల మధ్య నడిచే తీరు వేరుగా ఉంటుంది. గైడుకు పేర్లన్నీ తెలుసు, ప్రతి పొద దగ్గరా రెండు నిమిషాలు చెప్పగల సరుకు ఉంది. పక్కన నిలబడి గడియారం చూపిస్తున్న బృందం మనిషి వల్లే అతడు మాట మధ్యలో ఆపవలసి వచ్చింది.

ఒక చెట్టు దగ్గర అతడు ఆగి, మా అన్న కూతురిని పిలిచి, బెరడు మీద చేయి పెట్టమన్నాడు. నల్లటి బెరడు, మొసలి వీపులా చిన్న చిన్న దీర్ఘచతురస్రాలుగా పగిలి ఉంది. ‘ఇదే పాపా ఎర్రచందనం’ అన్నాడు. ‘ఎర్రగా లేదే తాతా’ అని అది అడిగింది. ‘ఎరుపంతా లోపల చేవలో దాచుకుంటుంది తల్లీ, అది ముదరడానికి నా వయసంత కాలం పట్టుద్ది. పైకి కనబడితే ఈ చెట్టును ఎప్పుడో మిగలనిచ్చేవాళ్ళు కాదు’ అని జవాబిచ్చాడు. కింద రాలిన ఆకును చూపి మూడేసి ఆకులు కలిసి ఒక రెమ్మగా ఉండడం, చుట్టూ పలచని రెక్క ఉన్న గుండ్రటి కాయ గాలికి తేలిపోవడం వివరించాడు. శేషాచలం, పాలకొండ, వెలికొండ, నల్లమల కొండల్లో తప్ప సహజంగా పెరగని ఈ చెట్టు సారవంతమైన నేలలో కంటే ఇలాంటి వేడి రాళ్ళ వాలులోనే చేవదేరుతుందన్నది ఇక్కడివారి అనుభవం. జపాన్‌లో షామిసెన్ అనే తంత్రీవాద్యం చేయడానికి వాడతారనీ, అంతర్జాతీయ వాణిజ్య నియంత్రణ జాబితాలో ఉందనీ, ఇంత నిఘా మధ్య కూడా దొంగరవాణా ఆగడం లేదనీ పత్రికల్లో చదివే మాకు, ఒక చెట్టు ముందు నిలబడి దాని బెరడును తాకడం అదే మొదలు. తిరుపతిలో పుట్టి పెరిగినవారిలో చాలామంది పరిస్థితి ఇంతే అయి ఉంటుంది.

రాతి గురించి కూడా ఇక్కడ చెప్పుకోవలసింది ఎంతో ఉంది. తిరుమల ఘాట్ రోడ్డులో జాతీయ భూవిజ్ఞాన స్మారకంగా గుర్తించిన ఒక సంధి ఉంది. అక్కడ కింద ఉన్న గ్రానైటుకు, దానిమీద ఇసుక పేరుకుని గట్టిపడగా ఏర్పడిన క్వార్ట్‌జైటుకు మధ్య దాదాపు 80 కోట్ల సంవత్సరాల ఖాళీ ఉందని శాస్త్రజ్ఞులు చెబుతారు. తలకోన గోడలు కూడా ఆ క్వార్ట్‌జైటు కుటుంబానివే. బాట పక్కన బోర్లా పడిన ఒక పలక మీద, ఇసుక ఒడ్డున నీటి అలలు విడిచినట్టి గీతలు వరసగా గడ్డకట్టి కనిపించాయి. ఒకప్పటి లోతులేని నీటి అడుగున ఇసుక ఇలాగే రాయిగా మారిందని మా అన్న తన కొడుకుకు వివరించాడు. కాలేజీలో భూగర్భశాస్త్రం చదువుకున్నవాడు కాబట్టి సరిపోయింది గానీ, గైడు చెట్లు చెప్పినంత బాగా రాళ్ళు చెప్పలేడు, బృందం తరఫున వచ్చిన యువకుడికి రెండూ తెలియవు. వంద రూపాయల ఖర్చుతో ఒక చిన్న కరపత్రం అచ్చు వేయించి చేతికిచ్చినా ఈ లోటు తీరుతుంది.

ఆ పలకకు కొంచెం పైన, గొడుగులా ముందుకు వంగిన రాతికింద, గైడు చేతి కర్రతో ఒక మూల చూపించాడు. రాతి పైకప్పు మీద తెల్లని గుండ్రటి మచ్చలు గుంపుగా అతుక్కుని ఉన్నాయి. బంగారు బల్లులు అనేకం ఒకేచోట గుడ్లు అతికించి పెడతాయనీ, పిల్లలు వెళ్ళిపోయాక మిగిలిన పెంకుల గుర్తులే అవనీ చెప్పాడు. రాత్రిపూట తిరిగే ప్రాణి కాబట్టి బల్లి మాత్రం కనబడలేదు. మద్రాసు అటవీ శాఖలో పనిచేసిన బెడ్డోమ్ అనే అధికారి 1870లో దీన్ని మొదట వర్ణించాడు. ఈ కొండల్లోనే పెరిగే ఒక సైకస్ మొక్కకు కూడా ఆయన పేరే ఉంది. వెనక్కి తిరిగే దారిలో వాగు దగ్గర చెట్ల మీదుగా అల్లుకుపోయిన గిల్లతీగ, దానికి వేలాడుతున్న మీటరుకు మించిన పొడవాటి కాయ పిల్లలకు బాగా నచ్చాయి. పక్షుల విషయంలో అదృష్టం అంతగా కలిసిరాలేదు. దక్షిణ భారతంలోని రాతి కొండల పొదల్లో మాత్రమే ఉండే పసుపుగొంతు పిగిలిపిట్ట ఈ అడవిలో ఉంటుందని తెలిసి దుర్భిణి తీసుకువెళ్ళాను గానీ, ఆ ఎండలో, అంతమంది మాటల మధ్య, ఒక అడవికోడి అరుపు, దూరంగా రెండు మామూలు పిగిలిపిట్టలు తప్ప ఏమీ దక్కలేదు. ఇరవైమందికి ఒకే గైడు ఉన్నప్పుడు ఇంతకంటే ఆశించడం కూడా అన్యాయమే. నడకకైనా జనాన్ని రెండు జట్లుగా విడదీయాలి.

చెట్ల మధ్య కట్టిన తాళ్ళ వంతెన తలకోన ప్రకటనలన్నింటిలోనూ ముందు కనిపించే బొమ్మ. సుమారు 240 మీటర్ల పొడవున, చెట్టు నుంచి చెట్టుకు ఊగుతూ సాగే ఆ నడక పిల్లలకూ, యువకులకూ సరదాగా ఉంటుంది, దాని గురించి అంతకుమించి రాయడానికి లేదు. మరమ్మతులున్న రోజుల్లో ఎక్కనివ్వరు కాబట్టి దానికోసమే వెళ్ళేవారు ముందుగా అడిగి తెలుసుకోవాలి. ప్యాకేజీ ప్రకటనలో ‘సాహస క్రీడలు’ అని బహువచనంలో రాసిన మాటకు ఈ ఒక్క వంతెన తప్ప ఆధారం కనబడలేదు.

జలపాతం ఎత్తు 270 అడుగులు, రాష్ట్రంలోనే ఎత్తైనదిగా దీనికి పేరు. మేము వెళ్ళినది ఈశాన్య రుతుపవనాల వానలు బాగా పడిన తర్వాతి వారాల్లో కాబట్టి నీరు నిండుగా దూకుతోంది. కొండపైన పడిన వాన రాతి పగుళ్ళలోకి దిగి నెమ్మదిగా ఊరుతూ ఉండటం వల్ల వానలు వెనకబట్టిన నెలల్లో కూడా ధార పూర్తిగా తెగదు. అయినా ఏప్రిల్, మే నెలల్లో వచ్చి ఇదేనా అని అడగడం న్యాయం కాదు. స్నానానికి గంటన్నర ఇచ్చారు, నిజానికి అది గంట చాలు. తడిసిన క్వార్ట్‌జైటు మీద పాచి పడితే గాజు కంటే జారుతుంది. మడుగుల లోతు పైకి తెలియదు. బృందం తరఫున ఇద్దరు యువకులు తాడు, ఈల పట్టుకుని నీటి అంచున నిలబడి, ఈత వచ్చినవారిని కూడా ధార కిందికి, లోతులోకి వెళ్ళనివ్వలేదు. కొందరు విసుక్కున్నారు. 2021 నవంబరు వరదలు తిరుపతి వీధులను ఏరుగా మార్చి, శ్రీవారిమెట్టు నడకదారిని నెలల తరబడి మూయించిన తీరు చూసినవారెవరూ ఈ కొండల నీటితో ఆటలాడరు. పైన ఎక్కడో వాన కురిస్తే కింద ఎండగా ఉండగానే వాగు పొంగుతుంది. ఆ జాగ్రత్తను నేను మెచ్చుకుంటాను.

మెచ్చుకోలేనిది ఆడవాళ్ళ ఇబ్బంది. తడిసిన బట్టలు మార్చుకునే ఏర్పాటు గురించి ప్యాకేజీలో ఒక్క మాట లేదు. మా వదిన, మరో ఇద్దరు మహిళలు దుప్పట్లు అడ్డం పట్టుకుని వంతులవారీగా మార్చుకోవలసి వచ్చింది. మడిచి తీసుకువెళ్ళే గుడారం ఒకటి వాహనంలో వేసుకోవడం ఈ బృందాలకు ఏమంత భారం? అడిగితే ‘తరువాతి యాత్రకు చూస్తాం మేడమ్’ అన్నారు. ప్రకటనలో కుటుంబ యాత్ర అని రాసేవారు ముందు ఆలోచించవలసింది దీన్నే.

భోజనం మాత్రం ఇల్లు గుర్తుచేసే స్థాయిలో ఉంది. నెరబైలు వైపు ఒక ఇంట్లో వండించి తెచ్చిన రాగి సంగటి, నాటుకోడి పులుసు, శాకాహారులకు వంకాయ పులుసు, శనక్కాయల ఊరిబిండి, మజ్జిగ వడ్డించారు. సంగటి ముద్ద వేడి ఆరకముందే, గుంట చేసి పులుసు పోసి ఇచ్చిన తీరులో వండినవారి చేయి తెలుస్తుంది. హైదరాబాదులో పెరిగిన మా అన్న పిల్లలు మొదట సందేహించినా తర్వాత మారు అడిగారు. విస్తరాకుల్లో పెట్టడం, నీళ్ళు స్టీలు డబ్బాల్లో తేవడం చూసి సంతోషించాను. ఉదయం టిఫిను మాత్రం ప్లాస్టిక్ పొట్లాల్లో ఇచ్చి, ఆ సంతోషాన్ని ముందుగానే సగం చేశారు. ఖాళీ పొట్లాలన్నీ ఒక సంచిలో వెనక్కి తెచ్చారు, నిజమే. కోతులు లాక్కుపోయిన రెండు మాత్రం అడవిలోనే మిగిలాయి. తినుబండారాలు చేతిలో పట్టుకుని తిరగవద్దని ముందే చెప్పి ఉంటే అదీ జరిగేది కాదు.

డబ్బు సంగతి చూస్తే, సొంత కారు ఉన్న కుటుంబం తనంతట తాను వెళ్ళివస్తే ఇందులో సగం ఖర్చు కూడా కాదు. తిరుపతి నుంచి దారి తేలిక, ప్రవేశద్వారం దగ్గర టికెట్లు ఎవరికైనా ఇస్తారు. కాబట్టి మనం బృందానికి ఇచ్చే అదనపు సొమ్ము భోజనానికీ, గైడుకీ ఇస్తున్నట్టు లెక్క. భోజనం ఆ లెక్కకు సరిపోయింది. గైడు అంతకంటే ఎక్కువే విలువైనవాడు, అతని దగ్గరున్నదాన్ని వినిపించే వీలు మాత్రం యాత్ర కార్యక్రమంలో లేదు. దారిలో ఆలస్యానికి గంటకు పైగా, నీటిలో గంటన్నర, ఫొటోలకు ముప్పావు గంట పోనిచ్చి, ఈ యాత్రను మిగిలిన విహారాలనుంచి వేరుచేసే నడకను చివర్లో మిగిలిన ముప్పావు గంటలోకి కుక్కడమే నా ప్రధానమైన ఫిర్యాదు. జలపాతం ఎవరు తీసుకువెళ్ళినా అదే జలపాతం. ఆ కలివి పొదలు, ఆ బెరడు, ఆ రాతి పైకప్పు మీది తెల్లమచ్చలు మాత్రం చూపించేవాడుంటేనే కనబడతాయి.

ఎవరికి నప్పుతుందంటే, ఎనిమిదేళ్ళు దాటిన పిల్లలున్న కుటుంబాలకు, రాళ్ళబాటలో గంటసేపు నడవగలవారికి బాగుంటుంది. చంటిపిల్లలతోనూ, నడవలేని పెద్దలతోనూ వచ్చేవారికి తిరుపతి శివార్లలో 1987 నుంచి ఉన్న శ్రీవేంకటేశ్వర జంతు ప్రదర్శనశాలే హాయి. శేషాచలం పాదం వద్ద విశాలమైన స్థలంలో ఉంది కాబట్టి అక్కడా కొంత అడవి గాలి తగులుతుంది. చల్లదనం కోరేవారు మదనపల్లె మీదుగా హార్సిలీ హిల్స్‌కు పోవచ్చు. చిత్తూరు నుంచి వచ్చేవారు ఏనుగులున్నాయన్న పేరు విని పలమనేరు, కుప్పం వైపు కౌండిన్య అభయారణ్యం అడుగుతుంటారు. పంటపొలాల మీదికి ఏనుగుల గుంపులు వచ్చిపోయే ఆ ప్రాంతాన్ని విహారయాత్రగా అమ్మేవారిని నేనైతే నమ్మను. నెలల్లో నవంబరు మధ్య నుంచి జనవరి చివరిదాకా తలకోనకు శ్రేష్ఠం, వారాల్లో శని ఆదివారాలు కాని ఏ రోజైనా సరే. ఆదివారం జనం మధ్య గైడు మాట పక్కనున్నవారికే వినబడదు.

తిరిగి వచ్చిన మర్నాడు ఈ విషయాలన్నీ బృందానికి రాసి పంపాను. ఆలస్యానికి క్షమాపణ చెప్పారు, పాటల గురించి డ్రైవర్లందరికీ చెబుతామన్నారు. నడక సమయం పెంచమన్నదానికి మాత్రం, ఎక్కువమంది నీళ్ళకోసమే వస్తారనీ, నడకలో కాసేపటికే విసుగుపడతారనీ జవాబు వచ్చింది. ఇరవైమందిని ఎండ ఎక్కాక నడిపిస్తే విసుగు కలగక ఏమవుతుంది? ఆరేడుగురు ముందుగా కలిసి వస్తే, వారపు రోజుల్లో, తెల్లవారకముందే బయలుదేరి, అదే గైడుతో నడక మాత్రమే ఉండే యాత్ర వేస్తామని చివర్లో ఒప్పుకున్నారు. ధర మనిషికి మరో 300 రూపాయలు ఎక్కువ. ఆ లెక్కకు నాకు అభ్యంతరం లేదు, ఆ 300లో గైడుకు ఎంత ముడుతుందో చెప్పమని మాత్రం అడిగాను. ఇంకా జవాబు రాలేదు.

డబ్బు కట్టేముందు మరొక్క విషయం రాతలో తీసుకోవడం మంచిది. భారీ వర్షాల హెచ్చరిక వస్తే జలపాతానికి ప్రవేశం ఆపేస్తారు, అది తప్పనిసరిగా జరిగేదే. అలాంటప్పుడు మా బృందం పూర్తి సొమ్ము తిరిగి ఇవ్వదు, మరో తేదీకి మారుస్తుంది. దూరం ఊళ్ళనుంచి వచ్చి రెండు రోజులు మాత్రమే ఉండేవారికి తేదీ మార్పు వల్ల ఒరిగేదేమీ లేదు కాబట్టి, కనీసం వాహనం ఖర్చు మినహాయించుకుని మిగిలినది వెనక్కి ఇస్తామని ముందే ఒప్పించుకోవాలి.